పొయ్యి లెక్క

ముప్ఫై ఎనిమిదిన్నర. ఇదేం జ్వరం తల్లీ, నాకు బుద్ధి తెలిసిన ఇన్నేళ్ళలో ముప్ఫై ఎనిమిదిన్నర జ్వరం వచ్చిందని ఎవరైనా చెప్పగా విన్నానా? జ్వరమంటే తొంభై తొమ్మిదితో మొదలవ్వాలి, వంద దగ్గర ఒళ్ళు నొప్పులు, నూటొకటి దగ్గర తడిగుడ్డ, నూట రెండు దగ్గర ఇంటిల్లిపాదీ కాలుగాలిన పిల్లుల్లా తిరగడం, అదీ జ్వరానికి ఉండాల్సిన మర్యాద. ఈ కొత్త థర్మామీటరు కీచుమని అరిచి, తన బుల్లి కిటికీలో ముప్ఫై ఎనిమిది, పక్కన చుక్క, చుక్క పక్కన అయిదు చూపించి, ఇక నీ తంటా నువ్వు పడు అన్నట్టు ఆరిపోయింది. పాత గాజుది ఉంటే ఈ బాధే లేదు. పొద్దున్న మా అమ్మాయి పనికి వెళ్ళే తొందరలో దాన్ని విదిలిస్తుంటే కుళాయికి తగిలి టప్పుమంది; గాజుముక్కలు ఏరి, పాదరసం కాగితం మీదికి ఎత్తి, మూలనున్న మందుల కొట్టుకి పరిగెత్తి ఇది పట్టుకొచ్చి, “నొక్కితే వెలుగుతుంది, అయ్యాక అరుస్తుంది, అంతే అమ్మా” అని నా చేతిలో పెట్టి బస్సు కోసం మెట్లు రెండేసి దూకుతూ పోయింది. అప్పటికి పిల్లకి ఒళ్ళు కాస్త వెచ్చగా ఉంది, అంతే. ఆ కిటికీలో కనబడేది ఏ లెక్కో అదీ చూడలేదు, నేనూ చూడలేదు. పెళ్ళి చూపుల్లో అబ్బాయి ముక్కు చూసి నోరు తెరిపించకుండా వచ్చేసినట్టు.

మంచం మీద పిచ్చిక పడుకుని ఉంది. అసలు పేరు వేరేగా ఉంది కానీ ఆ పేరుతో దాన్ని పిలిచేది డాక్టరమ్మ ఒక్కతే, ఇంట్లో పిచ్చికే. మూడేళ్ళ పిల్ల, ఒక్కచోట కుదురుగా ఉండదు, అలాంటిది ఇప్పుడు దిండు మీద బుగ్గ ఆనించి కదలకుండా పడుకుంది, అదే నాకు భయం. బుగ్గలు ఎర్రబడ్డాయి. పెదవులు ఎండాయి. పోయినేడు ఇలాగే జ్వరం వచ్చినప్పుడు చూస్తుండగా కళ్ళు పైకి తేలేసింది, కాళ్ళూ చేతులూ కొయ్యబారిపోయి కొట్టుకున్నాయి, నా ఒళ్ళోనే, నా ఈ ఒళ్ళోనే. తర్వాత డాక్టరమ్మ చాలా నెమ్మదిగా చెప్పింది, కొంతమంది పసిపిల్లలకి జ్వరం ఎక్కితే ఫిట్స్ వస్తాయి, పెద్దయ్యాక పోతాయి, భయపడకండి, కానీ నూట రెండు దాటితే మాత్రం ఇంట్లో ఉంచద్దు, మందు వేసి చూద్దాం అనద్దు, వెంటనే తీసుకొచ్చెయ్యండి. నూట రెండు. ఆ అంకె నా గుండెకి మేకు దిగినట్టు దిగింది. ఇప్పుడు ఈ ముప్ఫై ఎనిమిదిన్నర నూట రెండుకి ఇవతలా, అవతలా? అదొక్కటి తెలిస్తే చాలు నాకు. ఇవతలైతే తడిగుడ్డ, అవతలైతే చెప్పుల్లో కాళ్ళు. మధ్యలో ఉన్న నన్ను ఎటూ పోనివ్వకుండా ఈ కీచుపిట్ట పట్టుకుని కూర్చుంది.

లెక్క నాకు రాకపోలేదు. మా ఆయన నేర్పారు. రెట్టింపు చెయ్, ముప్ఫై వెయ్. ఆయన పోయి ఇన్నేళ్ళయినా పొద్దున్నే పక్కింటి రేడియోలో వాతావరణం వినబడగానే నా నాలుక దానంతటదే లెక్క కట్టేస్తుంది, ఇవాళ ఇరవై, అంటే నలభై, అంటే డెబ్బై, శాలువా అక్కర్లేదు. మాకు పెళ్ళయిన కొత్తలో అన్నీ పాత డిగ్రీల్లోనే ఉండేవి, తర్వాత ఎవరో పెద్దవాళ్ళకి పుట్టిన బుద్ధికి రేడియో రాత్రికి రాత్రి కొత్త డిగ్రీల్లోకి మారింది. ముసలాళ్ళందరూ ఎండ ఎంతో చలి ఎంతో తెలీక వీధి గుమ్మాల్లో నిలబడి తిట్టుకుంటుంటే ఈయన పళ్ళు తోముకుంటూ అందరికీ లెక్క చెప్పేవారు, రెట్టింపు చెయ్యండి, ముప్ఫై వెయ్యండి. సరే, ముప్ఫై ఎనిమిదిన్నర. ముప్ఫై ఎనిమిదీ ముప్ఫై ఎనిమిదీ డెబ్బై ఆరు, రెండు అరలు ఒకటి, డెబ్బై ఏడు. ముప్ఫై వేస్తే నూట ఏడు. నూట ఏడు? మళ్ళీ కట్టాను. మళ్ళీ నూట ఏడే. వేళ్ళ మీద కట్టాను, దుప్పటి మీద గళ్ళు లెక్కపెట్టి కట్టాను, నూట ఏడే. నూట అయిదు జ్వరం చూశాను, ఒక్కసారి, మా అత్తగారికి, ఆవిడ ఆ రోజు నన్ను చూసి తన చిన్ననాటి స్నేహితురాలనుకుని పెళ్ళెప్పుడే అని అడిగింది. నూట ఏడంటే మనిషి మిగలదు.

ఫోను. డాక్టరమ్మ ఆస్పత్రికి ఫోను. బొత్తాలు నొక్కుతుంటే వేలు వణికి పక్కదాని మీద పడుతోంది, మళ్ళీ మొదటినుంచీ, ఆఖరికి కలిసింది, కలిసి కూ కూ అని కూసింది, లైను ఖాళీ లేదు. ఊళ్ళో జ్వరాలన్నీ ఇవాళే వచ్చాయా? మళ్ళీ చేశాను. కూ కూ. కిటికీ దగ్గరికి వెళ్ళాను, ముసురు పట్టింది, వీధంతా గొడుగులు, జ్వరం పిల్లని ఈ వానలో వంతెన దాటించి తీసికెళ్ళాలి. మంచం దగ్గరికి వచ్చాను. నుదుటి మీద చెయ్యి వేశాను. ఆ చెయ్యి ఇప్పుడే కుళాయి కింద తడిపిన చెయ్యి, చల్లటి చేతికి ఏదైనా నిప్పే, దాని మాట నమ్మకూడదు. మా అమ్మ అయితే బుగ్గకి బుగ్గ ఆనించి చెప్పేసేది, వంద మీద కాస్త అని. నా బుగ్గకి ఆ విద్య అబ్బలేదు, అంకె లేకపోతే నాకు కాలు ఆడదు, ఇది ఆయన అంటించిన రోగం. అమ్మాయికి చెప్పనా? అమ్మాయి బట్టలు కుట్టే కర్మాగారంలో పని చేస్తుంది, వరసగా మిషన్లు, పని వేళల్లో ఫోన్లన్నీ గేటు దగ్గర పెట్టెలో పెట్టించుకుంటారు. గేటుకి చేస్తే కాపలావాడు లోపలికి కబురు పంపుతాడు, కబురు అందరి మిషన్ల మీదుగా దాని దగ్గరికి చేరుతుంది. పోయిన నెల చేశాను. నూట నాలుగు అని చేశాను. అది మిషను ఆపి, మేస్త్రీ చేత నాలుగు మాటలు పడి, వానలో తడిసి ముద్దయి వచ్చి చూస్తే పిల్ల గోడ మీద బొగ్గుతో ఏనుగు వేస్తోంది. వేడి పాలు తాగించిన వెంటనే నోట్లో థర్మామీటరు పెట్టానట. పాలకి జ్వరం వచ్చిందమ్మా, పిల్లకి కాదు, అంది. నవ్వింది కూడా. నవ్వి, చీర మార్చుకుంటూ, అటు తిరిగి అంది, “ఇంకోసారి ఇలా పిలిచావంటే నన్ను లోపలికి రానివ్వరే అమ్మా. ఎవరినైనా ఆయాని పెట్టుకుంటాలే. నీకూ విశ్రాంతి.” విశ్రాంతి అట. ముసలిదాన్ని కుర్చీలో కూర్చోబెట్టడానికి ఎంత మంచి మాట దొరికిందో చూడండి. అల్లుడు లారీ మీద ఉన్నాడు, ఏ ఊరి పొలిమేరలో ఉన్నాడో ఆ లారీకే తెలియాలి. నేనూ, పిచ్చికా, ఈ నూట ఏడూ.

తలుపు తీసి మెట్ల మీదికి వంగి కింద అద్దెకున్న దర్జీని కేకేశాను. ఆయన మెడలో టేపుతో, నోట్లో గుండుసూదులతోనే వచ్చాడు, సూదులు ఒక్కొక్కటీ తీసి చొక్కాకి గుచ్చుకుంటూ నేను చెప్పిందంతా విన్నాడు.

“చూడండి పిన్నిగారూ, నా టేపుకి ఇటువైపు అంగుళాలు, అటువైపు సెంటీమీటర్లు. తిప్పితే తెలిసిపోతుంది. జ్వరానికి అలాంటి టేపు ఉంటే నేనే కొనుక్కునేవాణ్ణి.”

“నీ టేపు తగలెయ్య, ఇక్కడ పిల్ల నూట ఏడులో ఉందయ్యా!”

“నూట ఏడా?” గుమ్మంలోంచి తొంగి చూశాడు. ఆ మనిషికి నలుగురు పిల్లలు, జ్వరాలు చూసిన కళ్ళు. పిచ్చిక కళ్ళు తెరిచి ఆయన మెడలో టేపు చూసి, అది పామా అని అడిగి, నాకు మంచినీళ్ళు అంది. ఆయన నావైపు తిరిగాడు. “నూట ఏడున్న పిల్ల మంచినీళ్ళడుగుతుందా పిన్నిగారూ? నా టేపుకి పేరు పెడుతుందా? ఆ యంత్రమైనా తప్పు, మీ లెక్కయినా తప్పు. నేను కిందే ఉంటాను. పిలిస్తే మా తమ్ముడి కారు తీయిస్తాను, వాడు ఇంటికి భోజనానికే వచ్చి ఉన్నాడు.”

వెళ్ళిపోయాడు. నీళ్ళు పట్టించాను, చెంచాతో, సగం గడ్డం మీదుగా కారాయి. యంత్రం తప్పా, లెక్క తప్పా? మా ఆయన లెక్క తప్పు అన్నవాణ్ణి ఈ ఇంట్లోకి రానివ్వకూడదు, కానీ వచ్చి చెప్పి వెళ్ళిపోయాడు, మాట మాత్రం గుమ్మంలోనే నిలబడి ఉంది. అప్పుడు నాకొక ఉపాయం తోచింది, చిన్న ఉపాయమే, ఆ కీచుపిట్టని కడిగి నా నోట్లో పెట్టుకున్నాను. పాలేమీ తాగలేదు సుమా, గుర్తు పెట్టుకున్నాను. కళ్ళు మూసుకుని కూర్చున్నాను, నాలుక కింద అది గులకరాయిలా ఉంది, కీచుమంది, తీసి చూశాను, ముప్ఫై ఆరున్నర. రెట్టింపు డెబ్బై మూడు. ముప్ఫై వేస్తే నూట మూడు. నూట మూడు జ్వరంతో నేను మెట్ల మీదికి వంగి కేకేసి దర్జీని తిట్టి గ్లాసు కడిగి పెట్టానా! నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, రెండూ ఒకే గొంతులోంచి రావాలి కదా, ఎక్కిళ్ళు వచ్చాయి. యంత్రం అబద్ధం చెప్పట్లేదు. నాకేమో జ్వరం లేదు. అయితే తప్పు లెక్కలో ఉంది. ఆయన నేర్పిన లెక్కలోనే, లేకపోతే నా బుర్రలో ఉన్న ఆయన లెక్కలో. ఎక్కడో ఒక మెట్టు ఊడిపోయింది. దాని మీద కాలేస్తే మనిషి నేరుగా నూట ఏడులో పడుతోంది.

ఏం మర్చిపోయాను? వంటగదిలోకి వెళ్ళాను, ఎందుకు వెళ్ళానో తెలీక గిన్నె మీద మూత సరిచేసి వచ్చాను. గుడ్డ తడిపి పిండి నుదుటి మీద వేశాను, అది వేడెక్కాక తీశాను, మళ్ళీ తడిపాను. ఆయన గొంతు కావాలి నాకు. మనిషి గొంతు మొదట మర్చిపోతామంటారు, నేను మర్చిపోలేదు, పొద్దున్నే లేచి పనిలోకి వెళ్ళేవాళ్ళకి ఉండే గొంతు, కాస్త పిండి పట్టిన గొంతు. ఆయన రొట్టెల కార్ఖానాలో పొయ్యి దగ్గర పని చేసేవారు. పొయ్యంటే మన వంటింటి పొయ్యి కాదు, మనిషి వంగి లోపలికి నడవగలిగినంత ఇనప పొయ్యి, దాని నుదుటి మీద గడియారంలాంటి ముల్లు, ఆ ముల్లు పాత డిగ్రీలది. యజమాని కొత్తగా తెచ్చిన రొట్టెల తయారీ పుస్తకమేమో కొత్త డిగ్రీలది. పొయ్యికి ఒక భాష, పుస్తకానికి ఇంకొకటి, మధ్యలో మా ఆయన దుబాసీ. ఇంటికొచ్చినా ఆ గోలే. అమ్మాయిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని రెండొందల ఇరవై ఎంతమ్మా అనేవారు, అది కాళ్ళాడిస్తూ ఠక్కున చెప్పేది. ఏం చెప్పేది? ఏం చెప్పేది నా బంగారుతల్లి? నాలుగు వందల... నాలుగు వందల ఎంతో. రెండొందల ఇరవై రెట్టింపు నాలుగు వందల నలభై, ముప్ఫై వేస్తే నాలుగు వందల డెబ్బై. కాదు. డెబ్బై అంటే నాకు ముక్కుకి మాడువాసన వస్తోంది.

మాడువాసన! అవును, నాలుగు వందల డెబ్బైకి మాడింది. యజమాని బావమరిది మాడ్చాడు. బావమరిది అంటే తెలుసుగా, ఏ పనికీ రానివాణ్ణి ఎక్కడో ఒకచోట కూర్చోబెట్టాలి కాబట్టి పొయ్యి దగ్గర కూర్చోబెట్టారు. మా ఆయనకి పంటినొప్పి వచ్చి ఇంట్లో ఉన్న రోజున వాడు ముల్లు తిప్పాడు. వీధిలో మా ఆయన పళ్ళు తోముకుంటూ చెప్పిన లెక్క వాడూ విన్నాడు కదా, రెట్టింపు, ముప్ఫై, అయిపోయిందనుకుని నాలుగు వందల డెబ్బై దగ్గర ముల్లు నిలబెట్టి బయట అరుగు మీద కాళ్ళు చాపుకున్నాడు. రొట్టెలన్నీ బొగ్గు. వీధి చివర దాకా పొగ. సాయంత్రం బుగ్గ వాచి గుడ్డ కట్టుకుని మా ఆయన వెళ్ళి చూసి, ఒక రొట్టె తీసుకొచ్చి బల్ల మీద ఠంగుమని పెట్టారు, ఇటుకరాయి పెట్టినట్టు. పంటినొప్పితోనే నవ్వారు. “వాడు వీధి లెక్క పెట్టుకుని పొయ్యి మీద కూర్చున్నాడే! వీధి లెక్క వీధికి. అటో రెండు ఇటో రెండు అయితే ఎవరి కొంపా మునగదు, శాలువా కప్పుకుంటారు, లేకపోతే తీసేస్తారు. పొయ్యికి పొయ్యి లెక్కే ఉండాలి.” రెండు లెక్కలు! ఓరి నాయనో, రెండు లెక్కలు కదా ఉన్నవి. వీధి లెక్క, పొయ్యి లెక్క. రేడియో రోజూ మాట్లాడుతుంది కాబట్టి వీధి లెక్క నా నోట్లో నానుతూ ఉండిపోయింది. ఆయన పోయాక ఈ ఇంట్లో పొయ్యి గురించి ఎవరు మాట్లాడారు? పొయ్యి లెక్కకి తుప్పు పట్టింది. అయితే బావమరిదికి తక్కువైంది ఏమిటి? ఏదో తియ్యలేదు వాడు. మాడిందంటే ఏదో ఎక్కువైంది, ఎక్కువైందంటే తియ్యాల్సింది తియ్యలేదు. ఏం తియ్యాలి? ఎంత తియ్యాలి?

పిచ్చిక మూలిగింది. పక్కకి తిరిగింది. కాలు దుప్పట్లోంచి బయటపెట్టింది, బుల్లి మడమ, పట్టుకుంటే కాలుతోంది. తొందరగా, తొందరగా. తొందరపడితే రాదు ఇది, తొందరపడితే వచ్చేది బావమరిదే. ఊపిరి తీసుకున్నాను. కార్ఖానా గుమ్మం దగ్గర నిలబడ్డాను, మనసులో, ఆయనకి అన్నం గిన్నె తీసికెళ్ళి ఎన్నిసార్లు నిలబడ్డానో అక్కడ. లోపల పొడవాటి చెక్క బల్ల, బల్ల మీద పిండి కొండ. ముంజేతుల దాకా తెల్లగా ఆయన. నన్ను చూసినా ఆపరు, పిండి సగంలో ఆపితే అలుగుతుందట, నా కంటే దాని అలకే ఆయనకి భయం. కలిపి, మడిచి, గుద్ది, మళ్ళీ మడిచి, అంతా అయ్యాక, అంతా అయ్యాక ఏం చేసేవారు? ఒక ముద్ద తెంచేవారు. ఎంత పిండి కలిపినా దాంట్లోంచి ఒక ముద్ద తెంచి, మట్టి గిన్నెలో వేసి, తడిగుడ్డ కప్పి, గోడ పక్కన పెట్టేవారు. పాలకి తోడు మిగల్చమా, అలాగ. మర్నాటి పిండి పొంగాలంటే ఇవాళ్టి ముద్ద ఉండాలి. అన్నీ కాల్చేసుకుంటే రేపు రొట్టె లేదు. ఎంత ముద్ద? పదో వంతు. పదో వంతు! చేతులు ఆడుతుంటే నోరు పాడేది, అది పాట కాదు, కానీ పాటలాగే ఉండేది, రెట్టింపు చెయ్, పదో వంతు తీసి పక్కన పెట్టు, ముప్ఫై రెండు వెయ్, మూత వెయ్. ముప్ఫై కూడా కాదు, ముప్ఫై రెండు. ఒకసారి అమ్మాయి అడిగింది, పక్కన పెట్టిన పదో వంతు ఏమవుతుంది నాన్నా, ఎవరు తింటారు? ఆయన దాని ముక్కుకి పిండి రాసి, “ఎవరూ తినరు. అవసరం వచ్చే రోజు దాకా తడిగుడ్డ కింద కూర్చుంటుంది” అన్నారు. కూర్చుంది మహానుభావా. ఇన్నేళ్ళు కూర్చుంది.

ముందు నా మీద. నేనెవరికీ అక్కర్లేని రొట్టెని, మాడినా ఫరవాలేదు. ముప్ఫై ఆరున్నర రెట్టింపు డెబ్బై మూడు. పదో వంతు అంటే ఆయన చెప్పిందే, చుక్కని ఒక గది లోపలికి జరుపు, ఏడు చుక్క మూడు. డెబ్బై మూడులోంచి ఏడు తీస్తే అరవై ఆరు, ఆ మూడూ తీస్తే అరవై అయిదు చుక్క ఏడు. ముప్ఫై రెండు వేస్తే తొంభై ఏడు చుక్క ఏడు. తొంభై ఏడు! జ్వరం లేని ముసలిదాని ఒళ్ళు! అంకె ఇంటికొచ్చింది. ఇక పిచ్చిక. డెబ్బై ఏడు. పదో వంతు ఏడు చుక్క ఏడు. డెబ్బై, అరవై తొమ్మిది చుక్క మూడు. ముప్ఫై రెండు. నూటొకటి చుక్క మూడు. నూటొకటి. నూట రెండుకి ఇవతల. మంచం పట్టె మీద కూలబడ్డాను. నూటొకటి నాకు తెలిసిన జ్వరం, మా ఇంటికి ఎన్నోసార్లు వచ్చిపోయిన చుట్టం, దానికేం పెట్టాలో నాకు తెలుసు, తడిగుడ్డ, చెంచాతో నీళ్ళు, కిటికీ ఒక రెక్క. పొద్దున అమ్మాయి పోసి వెళ్ళిన మందు ఉంది కడుపులో. ఎవరినీ పిలవక్కర్లేదు. మేస్త్రీ చేత మాటలు పడక్కర్లేదు. వానలో తడవక్కర్లేదు. ఆయా అక్కర్లేదు.

అనుకున్నాను కానీ కూర్చోలేకపోయాను. ఇందాకటిది ఇందాకటిది. రొట్టె లోపల పెట్టి అరుగు మీద కాళ్ళు చాపుకునే రకమా నేను? నూటొకటి చుక్క మూడు అనేది ఆ క్షణం మాట, ఆ తర్వాత దర్జీ వచ్చాడు, పాము వచ్చింది, మంచినీళ్ళు వచ్చాయి, నేను కార్ఖానా దాకా పోయి వచ్చాను. మడమ కాలుతోంది కదా. లేచాను. కడిగాను. నోట్లో వద్దు, ఇప్పుడే నీళ్ళు తాగింది, పాలకి జ్వరం వస్తే నీళ్ళకి చలి వస్తుంది. చంకలో పెట్టి చెయ్యి అదిమి పట్టుకున్నాను. చంకలో కాస్త తక్కువే చూపిస్తుందని డాక్టరమ్మ చెప్పింది, అదీ గుర్తుంది. దాని గుండె నా వేళ్ళకి తగులుతోంది, గబగబా, నిజంగా పిచ్చికని పట్టుకున్నట్టే. కీచు. ముప్ఫై తొమ్మిది. చుక్క పక్కన సున్నా.

ముప్ఫై తొమ్మిది రెట్టింపు డెబ్బై ఎనిమిది. పదో వంతు పక్కన పెట్టు, ఏడు చుక్క ఎనిమిది. డెబ్బై ఒకటి, డెబ్బై చుక్క రెండు. ముప్ఫై రెండు వెయ్. నూట రెండు చుక్క రెండు.

విచిత్రం ఏమిటంటే చెయ్యి వణకలేదు. నూట ఏడుకి వణికిన చెయ్యి నూట రెండుకి వణకలేదు. నూట ఏడు దెయ్యం, దానికి మొహం లేదు, ఇది అంకె. మూత వెయ్, అన్నారు ఆయన. కింద దర్జీకి కేకేశాను, కారు తియ్యమని. గేటుకి ఫోను చేశాను, బొత్తాలు ఒక్కటీ తప్పలేదు.

“మళ్ళీ మీరేనా పెద్దమ్మా?” అన్నాడు కాపలావాడు.

“మళ్ళీ నేనే నాయనా. ఈసారి పాలు కాదని చెప్పు.”

వాడికి అర్థం కాకపోయినా చెప్పినట్టున్నాడు. ఫోనులో మిషన్ల రొద, వందల తేనెటీగలు, అందులోంచి దాని చెప్పులు పరిగెత్తుకుంటూ వచ్చాయి.

“అమ్మా. ఏంటి. సరిగ్గా చూశావా?”

“ముప్ఫై తొమ్మిది.”

“ముప్ఫై తొమ్మిదేంటే, అది...” ఆగింది. అప్పుడు అర్థమైంది దానికి, పొద్దున్న కొన్నది ఏ లెక్కదో. “అయ్యో, అంటే ఎంత?”

“రెట్టింపు చేశాను. పదో వంతు తీసి పక్కన పెట్టాను,” అన్నాను. మిగతాది చెప్పబోయి ఊరుకున్నాను. అటువైపు మిషన్ల రొద మధ్య ఏదో గొణుగుతోంది నా కూతురు, చిన్నప్పుడు కాళ్ళాడిస్తూ గొణిగినట్టే, డెబ్బై ఎనిమిది, డెబ్బై చుక్క రెండు, ముప్ఫై రెండు వెయ్. దాని గొంతులో ఒక్క క్షణం పిండి పట్టినట్టనిపించింది నాకు.

“నూట రెండు దాటింది,” అంది.

“దాటింది.”

నిజమేనా అని అడగలేదు. పాల మాట ఎత్తలేదు. “నువ్వు బయల్దేరమ్మా. నేనూ ఆస్పత్రికే వస్తున్నా, ఇక్కణ్ణించి రెండు వీధులే,” అంది, ఫోను సరిగ్గా పెట్టెయ్యకుండానే మేస్త్రీతో ఏదో అరుస్తూ పోవడం వినబడింది.

తుండు చుట్టి పిచ్చికని భుజాన వేసుకున్నాను. మా ఆయన చలికాలం చొక్కా లోపల దాచి తెచ్చే రొట్టె గుర్తొచ్చింది, ఛాతీకి కాలుతూ ఉండేది అలాగే. మెట్ల మీద దర్జీ ఎదురొచ్చి నా మోచెయ్యి పట్టుకున్నాడు, కారు గుమ్మంలో గుర్రుమంటోంది, ఆయన గొడుగు పట్టాడు, మెడలో టేపు తడుస్తోంది, “తేలిందా పిన్నిగారూ, యంత్రమా లెక్కా?” అన్నాడు. లెక్కే, నాదే, దిద్దుకున్నాను, పద అన్నాను. కారు కదిలింది. వంతెన మీద వాన జోరెక్కింది. పిల్ల కళ్ళు మూతలు పడుతున్నాయి, నేను ఆ కళ్ళనే చూస్తున్నాను, తేలేస్తాయా అని, తేలెయ్యలేదు, తేలెయ్యలేదు, ఇంకా తేలెయ్యలేదు. వంతెన దిగాం. నుదుటి మీద గుడ్డ వేడెక్కిపోయింది, తీసేసి నా అరచెయ్యి వేశాను. పిచ్చిక కళ్ళు తెరవకుండానే రెండు చేతులతో ఆ చేతిని పట్టుకుంది.

“చల్లగా ఉంది అమ్మమ్మా. తియ్యకు.”

తొంభై ఏడు చుక్క ఏడు, నా తల్లీ. ఉంచుకో. ఆస్పత్రి గుమ్మం కనబడుతోంది, గుమ్మంలో గొడుగు లేకుండా మీ అమ్మ నిలబడి ఉంది.